కారు కింద నాడా

ఆ యేడు మిరుగం నాడు, అంటే మృగశిర కార్తె మొదలైన రోజు, నా బిడ్డ కారు హసన్‌పర్తి చెరువు దగ్గర ఆగిపోయింది. అప్పుడు ఇంట్లో పొయ్యి మీద చేపల పులుసు ఉడుకుతోంది. మిరుగం నాడు చేప తినాల్సిందేనని నా భార్య మొగిలమ్మ పట్టుదల. ఆమె పోయి ఏడాదిన్నర అయినా ఆ ఒక్క రోజు కూర నేనే వండుతాను. ఫోన్ రాగానే పొయ్యి ఆర్పి, చొక్కా వేసుకుని ఆటో ఎక్కాను.

కారు రోడ్డు పక్కన నిలబడి ఉంది. ఎక్కడా దెబ్బ లేదు, పొగ లేదు. లోపల ఎర్ర గుర్తు ఒకటి వెలుగుతోంది, అంతే. విజయశ్రీ వానలో తడుస్తూ బానెట్ మీద చెయ్యి ఆనించి నిలబడింది. రోజూ ఆమె కాలేజీకి తీసుకుపోయే నలుగురు మేడంలు అప్పటికే వేరే ఆటో ఎక్కి వెళ్లిపోయారు.

"చార్జింగ్ నలభై ఒకటి ఉండె బాపు. ఒక్కసారే తొమ్మిదికి పడ్డది. పక్కకు తీసేసరికే ఆగింది."

"పెట్రోలు బండి కొనుమంటే విన్నవా?" అన్నాను.

ఆ సమయానికి పనికొచ్చే మాట కాదది. కానీ నా నోట్లోంచి ముందు వచ్చేవి అటువంటివే. కంపెనీ లారీ వచ్చేదాకా రెండు గంటలు తండ్రీబిడ్డలం మాట్లాడుకోకుండా వానలో నిలబడ్డాం. ఇంటికి వచ్చేసరికి పులుసు చల్లారిపోయింది. అలాగే తిన్నాం.

నేను కొత్తవాడలో జంపఖానాలు నేస్తాను. ఊళ్లో ఏడో తరగతి దాకా చదివాను. నలభై ఏళ్లుగా మగ్గం మీదే బతికాను. ఒకరి ముందు చెయ్యి చాపలేదు, ఒకరి తప్పు మరిచిపోలేదు. ఆ రెండూ నాకు ఒకటే. విజయశ్రీ కరెంటు కారు కొంటానన్నప్పుడు బ్యాంకు కాగితం మీద సంతకం పెట్టమంటే మా బావమరిది పండరి ఆడపిల్లకు డ్రైవరు పనేంటన్నాడు. ఆనాటి నుంచి అతను మా గడప తొక్కలేదు, నేను తొక్కనివ్వలేదు. తన అక్క మొగిలమ్మ చనిపోయిన నాడు కూడా వాకిట్లోనే నిలబడి ఏడ్చి వెళ్లాడు. ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాల ఆ కారుతో నా బిడ్డ మూడేళ్లు బ్యాంకు కిస్తీ ఒక్కటి తప్పకుండా కట్టింది. తల్లిని దవాఖానకు తిప్పింది కూడా అందులోనే.

కంపెనీ షెడ్డు హైదరాబాద్ రోడ్డు మీద ఉంది. మేనేజరు పేరు గోపాల్. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. మెత్తగా మాట్లాడేవాళ్లంటే నాకు ముందు నుంచీ అనుమానం. చాయ్ అయ్యాక, బ్యాటరీ మొత్తం మార్చాల్సి ఉంటుందనీ, ఐదు లక్షల ఎనభై వేలు అవుతుందనీ, ట్యాక్సు వేరే అనీ అదే మెత్తదనంతో చెప్పాడు. నేను గ్లాసు కింద పెట్టేశాను.

విజయశ్రీ సంచిలోంచి చిన్న పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. బ్యాటరీకి ఎనిమిదేళ్ల వారంటీ, లేకపోతే లక్షా అరవై వేల కిలోమీటర్లు. కిరాయి బండికి కూడా వర్తిస్తుందని చూసుకునే కొన్నది. బండి కొని మూడేళ్లు. తిరిగింది తొంభై రెండు వేలు.

"ఉంటది మేడం, వారంటీ ఎక్కడికి పోతది? పరీక్ష చేసి పైకి పంపుతం. పదిరోజులు జర ఓపిక పట్టుర్రి," అన్నాడు గోపాల్.

పదో రోజు పిలిచాడు. ఈసారి చాయ్ లేదు. కంప్యూటరు మా వైపు తిప్పి ఒక ఫోటో చూపించాడు. కారు అడుగున, ముందు వైపు, బ్యాటరీకి అడ్డంగా ఉండే రేకు. దాని మీద పక్కపక్కన రెండు బొక్కలు. బయట ఎవరో డ్రిల్లు కొట్టారనీ, వాటిలోంచి నీళ్లు పోయి బ్యాటరీ చెడిందనీ, బయటివాళ్లు చెయ్యి పెట్టిన బండికి వారంటీ ఉండదనీ చెప్పాడు. తర్వాత ఇంకో ఫోటో తెరిచి చూపించాడు. ఫిబ్రవరిలో బండి షెడ్డుకు వచ్చినప్పటిది. అందులో అదే రేకు మీద గీత కూడా లేదు.

"చూడుర్రి. ఫిబ్రవరిల లేవు, ఇప్పుడున్నయ్. మా దగ్గర అన్నిటికీ ఫోటోలుంటయి మేడం."

విజయశ్రీ లేచి నిలబడింది. "నా బండికి నేను తప్ప ఎవ్వరు చెయ్యి పెట్టలే. ఈ బొక్కలు నేను కొట్టలే, కొట్టియ్యలే. మా అమ్మ మీద ఒట్టు."

నేను ఫోటో వైపే చూస్తున్నాను. ఆ రెండు బొక్కల మధ్య దూరం బెత్తెడు. ఫోటోలో అది తెలియదు. నా చేతికి తెలుసు.

ఆ బొక్కలు కొట్టింది నేనే.

మా మగ్గం గది గడప మీద దిష్టి తగలకుండా మొగిలమ్మ ఎప్పుడో కొట్టించిన గుర్రపు నాడా ఒకటి ఉండేది. ఆమె పోయాక ఆ ఇంట్లో కాపాడుకోవడానికి నాకు మిగిలింది నా బిడ్డ ఒక్కతే. ఆమె పొద్దున లేస్తే రోడ్డు మీద ఉంటుంది. ఆ ఉగాదికి ముందు జనగామ దగ్గర లారీ ఒకటి నా బిడ్డ కారును రాసుకుంటూ పోయింది. ఉగాది నాడు ఆమె స్నానానికి వెళ్లిన వేళ నాడా ఊడదీసి, కారు కింద దూరి, ముందు వైపు రెండు మరలతో బిగించాను. నాడాలూ నిమ్మకాయలూ ఆమెకు నచ్చవు. కనబడకుండా ఉండాలని కిందికి వెళ్లాను. కారు కింద రేకు తప్ప ఏముంటుందనుకున్నాను. పెట్రోలు కారైతే అంతే ఉండేది. ఈ కారుకు అడుగంతా బ్యాటరీ అని నాకు తెలియదు.

వారం తిరక్కుండానే కింద ఏదో ఖణఖణమంటోందని ఆమె విసుక్కుంది. ఆ సాయంత్రమే నేను మళ్లీ దూరి నాడా ఊడదీసి, పాత చోటనే గడపకు బిగించాను. బొక్కల సంగతి మరిచిపోయాను.

గోపాల్ గదిలో నేను నోరు విప్పలేదు. చెప్పేవాణ్ణే అని ఇప్పుడు అనను.

మర్నాడు మట్టెవాడలో చాంద్ పాషా దుకాణానికి వెళ్లాను. ఇన్వర్టర్లు, బ్యాటరీ ఆటోలు బాగుచేస్తాడు. పాత స్నేహం. నేను నేసిన జంపఖానా మీదే కూర్చుని, నా నేత పలచనని వచ్చినవాళ్లందరికీ చెబుతాడు. కారు సంగతి మొత్తం విన్నాడు. బ్యాటరీ అంటే ఒకటి కాదనీ, ఆ పెట్టె లోపల వందకు పైగా చిన్న చిన్న సెల్లులు వరుసగా ఉంటాయనీ, అందులో ఒక వరుస బలహీనపడితే మిగతావన్నీ దానికోసం ఆగిపోతాయనీ చెప్పాడు. ఆ ఒక్క వరుస మారిస్తే చాలు. తనైతే అరవై వేలలో చేస్తాడు.

"కానీ రాజన్నా, పెట్టెకు కంపెనీ సీలుంటది. నేను తెరిచిన్ననుకో, ఇగ వాళ్లు నీ బండి దిక్కు కూడా చూడరు. మిగిలిన ఐదేండ్ల వారంటీ నా చేతుల మీద చచ్చిపోతది."

"పోతే పోనీ. తెరువు," అన్నాను.

అతను చేతిలో ఉన్న వైరు పక్కన పెట్టాడు. నా మొహం చూశాడు.

"ఒక్కటి అడుగుత. ఉగాదికి నా డ్రిల్లు తీస్కపోయినవ్. మగ్గానికన్నవ్. మగ్గానికి ఇనుప బొక్కలెందుకు అని అప్పుడే అనుకున్న."

నేను తల తిప్పి అతని దుకాణంలోని ఇన్వర్టర్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

"నేనెవ్వరికి చెప్ప. ఫికర్ చెయ్యకు. బిడ్డకు నువ్వే చెప్పు. పెట్టె తెరిచి తప్పు దాచుడు నాతోని గాదు," అన్నాడు. తర్వాత చాయ్ తెప్పించాడు. తాగకుండా వచ్చేశాను. వారం దాకా ఆ వీధిలోకి పోలేదు.

ఇంటికి వచ్చి విజయశ్రీతో, కంపెనీని బతిమాలడం మానెయ్యమన్నాను. పాషాతో తెరిపిద్దాం, అరవై వేలు నేనిస్తాను, నూలుకు పెట్టుకున్న డబ్బు ఉంది, ఒకరి కాళ్లు పట్టుకోవడం మన ఇంట్లో లేదని గట్టిగానే చెప్పాను. నా పౌరుషం నాకే బాగా వినిపించింది. దాని వెనక ఏముందో నాకు తెలుసు.

ఆమె వారంటీ పుస్తకం మీద నుంచి తల ఎత్తింది. నలభై పేజీల ఇంగ్లిష్ పుస్తకం. తెలియని మాట కింద పెన్సిలు గీత, పక్కన తెలుగు. ఇంటరుతో ఆగిన చదువు ఆమెది.

"బతిమాలుడు గాదు బాపు. రాసిచ్చిన్రు. రాసిచ్చింది అడుగుతాన. నువ్వు కూలికి నేసి కూలి అడిగితే బతిమాలినట్టా?"

నేను నలభై ఏళ్లుగా వేరేవాళ్లకు చెప్పిన మాటే అది. నాకే తిరిగి చెప్పింది. కోపం వచ్చింది. లోపల ఎక్కడో గర్వం కూడా వచ్చింది. కోపమే పైకి కనిపించనిచ్చాను.

మేడంలు ఆగస్టు ఒకటి దాకా చూస్తామన్నారు. ఆ తర్వాత వేరే బండి మాట్లాడుకుంటారట. నెల కిరాయి పోతే బ్యాంకు కిస్తీ పోతుంది, కిస్తీ పోతే కదలని కారును కూడా ఎత్తుకుపోతారు. ఆ సంగతి ఆమె ఒక్కసారే చెప్పింది. తర్వాత వచ్చి మగ్గం మీద కూర్చుంది.

పెద్ద జంపఖానా ఇద్దరు నేసేది. పడుగు ముందు పక్కపక్కన కూర్చుంటారు. పేక నూలు ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి అందాలి. మొగిలమ్మ పోయాక ఎడమ పక్క ఖాళీ. ఒక్కణ్ణే చిన్న పట్టీలు నేసుకుంటున్నాను. ఇప్పుడు ఆ చోట విజయశ్రీ కూర్చుంది. చిన్నప్పుడు తల్లి ఒళ్లో కూర్చుని నేర్చుకున్న పని, చేతులు మరిచిపోలేదు. మొదటి రెండు రోజులు వేళ్లు కోసుకుపోయాయి. గుడ్డ చుట్టుకుని నేసింది. పొద్దున నేత, మధ్యాహ్నం కంపెనీకి ఉత్తరాలు, వినియోగదారుల నంబరుకు ఫోన్లు. హైదరాబాద్‌లో ఎవరో పెద్ద ఆఫీసరు పేరు పట్టుకుని ఆయనకు రోజూ ఒక ఉత్తరం పంపింది. ఎక్కడా తిట్టు లేదు, ఏడుపు లేదు. తేదీలు, నంబర్లు, పుస్తకంలో పేజీ. చదివి వినిపించేది. నేను పేక పోగులను బిగించే పంజా కొడుతూ వినేవాణ్ణి.

ఇద్దరు నేసే మగ్గానికి ఒక కట్టుబాటు ఉంది. ఎవరి వైపు పోగు తప్పితే వాళ్లే చెప్పాలి. "ఆగు, నా దిక్కు తప్పింది" అనాలి. చెప్పకపోతే పక్కవాళ్లు దాని మీద నేసుకుంటూ పోతారు, తర్వాత ఇద్దరి పనీ విప్పాల్సి వస్తుంది. విజయశ్రీ ఆ నెల రోజుల్లో పదిసార్లు అన్నది. "ఆగు బాపు, నా దిక్కు తప్పింది." అని, విప్పి, మళ్లీ నేసేది. నేను ఒక్కసారీ అనలేదు. ముప్ఫై ఏళ్లు మొగిలమ్మ పక్కన కూర్చుని కూడా అనలేదు. నా వైపు తప్పితే ఆమే చూసి, మాట్లాడకుండా రెండు వైపులా విప్పేది. ఒకసారి మాత్రం అన్నది. "నీ దిక్కు ఎన్నడు తప్పదా?" అని. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

జులై ఆఖరు వారంలో కంపెనీ నుంచి జవాబు వచ్చింది. హైదరాబాద్ ఆఫీసరు శుక్రవారం వరంగల్ షెడ్డుకు వచ్చి బండి ఎత్తి చూస్తాడు. అదే ఆఖరు మాట. విజయశ్రీ మొహం వెలిగింది. మగ్గం దిగి కాగితాలు సర్దుకుంటూ తను రాసిన పెద్ద ఉత్తరం నాకు చదివి వినిపించింది.

ఏప్రిల్‌లో బండి మామూలు సర్వీసుకు వెళ్లింది. ఆనాడు ఆ రేకు విప్పి కడిగింది యాకయ్య అనే పనివాడు. బిల్లు మీద అతని పేరు ఉంది. ఫిబ్రవరిలో లేని బొక్కలు ఇప్పుడున్నాయి కాబట్టి, రేకు బిగించేటప్పుడు యాకయ్యే తప్పు మర పెట్టి బొక్కలు కొట్టి ఉంటాడని రాసింది. వేరే ఎవరూ బండి కింద దూరలేదు గదా అన్నది.

"ఆయన పని పోతదేమో," అన్నాను.

"పోతే నేనేం జెయ్యాలె బాపు? నేను కొట్టలే. ఇగ ఎవరు కొట్టినట్టు?"

నాకు ఇరవై ఏళ్లప్పుడు ఒక ఆసామి దగ్గర కూలికి నేసేవాణ్ణి. ఆయన కొడుకు పాడుచేసిన నూలుకు నన్ను నలుగురిలో నిలబెట్టి చేతగాని పనివాడన్నాడు. ఆ కొడుకు అక్కడే ఉన్నాడు. నోరు విప్పలేదు. నేను కూలి కూడా తీసుకోకుండా వచ్చేశాను. ఆ ఇంటి ముందు నుంచి ఈనాటికీ నడవను. చుట్టూ తిరిగి పోతాను. ఆ తండ్రిని సగం క్షమించానేమో గానీ కొడుకును క్షమించలేదు.

శుక్రవారం పొద్దున నేనూ వస్తానన్నాను. విజయశ్రీ సంతోషపడింది. తోడు వస్తున్నాననుకుంది.

షెడ్డులో కారును లిఫ్టు మీద మనిషెత్తున లేపి ఉంచారు. ఆఫీసరు మా విజయశ్రీ కన్నా చిన్నవాడే. కొత్త బూట్లు, చేతిలో ట్యాబు. గోపాల్ అతని వెనక నిలబడ్డాడు. పక్కన ఒక నడివయసు మనిషి, నూనె మరకల చొక్కా, తల వంచుకుని చేతులు తుడుచుకున్న గుడ్డతోనే మళ్లీ తుడుచుకుంటున్నాడు. అతనే యాకయ్య అని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. పాలకుర్తి దగ్గర ఊరట. ఇద్దరు పిల్లలట. ఇదంతా ఆఫీసరు అడిగితే చెప్పాడు, నేరం ఒప్పుకుంటున్నవాడిలా.

"రేకు నేనే ఇప్పిన సార్. బొక్కలు అప్పటికే ఉన్నయ్. కంపెనీవే అనుకున్న," అన్నాడు.

గోపాల్ అతని మాట నమ్మలేదు. విజయశ్రీ కూడా నమ్మలేదు. ఆమె తన కాగితం తీసి తేదీలు చదవడం మొదలుపెట్టింది. నిలబడ్డ తీరు, గొంతు, వేలితో పేజీ చూపించే పద్ధతి చూసి షెడ్డులో పనివాళ్లు తమ పనులు ఆపి వింటున్నారు. అంత బాగా మాట్లాడుతోంది. అంత బాగా మాట్లాడుతూ తప్పు దారిన పోతోంది. దాని మీద ఇంకా నేసుకుంటూ పోతోంది.

"ఆగు బిడ్డా," అన్నాను. "నా దిక్కు తప్పింది."

వేరే వాళ్లకు ఆ మాట అర్థం కాలేదు. ఆమెకు అర్థమైంది. కాగితం మీదున్న వేలు ఆగిపోయింది.

నేను లిఫ్టు కిందికి వెళ్లి చెయ్యెత్తి రెండు బొక్కల మధ్య నాలుగు వేళ్లు ఆనించాను. సరిగ్గా సరిపోయాయి.

"ఉగాది నాడు నేను కొట్టిన. నాడా బిగించిన. తర్వాత తీసేసిన. ఈ మనిషికి సంబంధం లేదు," అన్నాను.

గోపాల్ మొహం విచ్చుకుంది. ఆఫీసరు ట్యాబులో ఏదో రాసుకోబోయాడు. ఒప్పుకున్నారు గదా, ఇంకేముంది అన్నట్టు గోపాల్ చేతులు కట్టుకున్నాడు. నేను నా బిడ్డ వైపు చూడలేదు. చూసే ధైర్యం లేదు.

కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది.

"సార్," అన్నది విజయశ్రీ. గొంతు ముందుకన్నా నెమ్మదిగా ఉంది. "ఉగాది మార్చి ఆఖర్ల వచ్చింది. బొక్కలు అప్పటియి. మీ ఫోటోనే చెప్తాంది, ఫిబ్రవరిల లేవని. ఇన్నాళ్లు బొక్కలు ఎవరు కొట్టిన్రనే చూసిన, ఇది చూడలే. మరి ఫిబ్రవరిల నేను బండి ఎందుకు తెచ్చిన? మీ కాగితమే చదువుర్రి."

ఆఫీసరు తీసుకుని చదివాడు. ఫిబ్రవరి పన్నెండు. కస్టమరు చెప్పిన ఫిర్యాదు, చార్జింగ్ నలభై నుంచి ఒక్కసారిగా పన్నెండుకు పడిపోతోంది. చేసిన పని, సాఫ్ట్‌వేర్ మార్చి పంపించాం. కింద గోపాల్ సంతకం.

"జబ్బు ముందొచ్చింది. బొక్కలు తర్వాతొచ్చినయ్. బొక్కల వల్ల జబ్బెట్ల వచ్చింది సార్?"

గోపాల్ ఏదో అనబోయాడు. నీళ్లు పోయి జబ్బు పెరిగి ఉండవచ్చని ఏదో. అప్పుడు యాకయ్య తల ఎత్తాడు. ఎవరూ అతన్ని అడగలేదు.

"నీళ్లు పోలే సార్. బొక్కలు అడ్డం రేకుకే. పెట్టె దానికి రెండు వేళ్లు పైనుంటది. గీత కూడా లేదు. గాలి పెట్టి చూడుర్రి, లీకు లేకుంటే నీళ్లెట్ల పోతయి?"

ఆఫీసరు పెట్టమన్నాడు. యాకయ్యే పైపు తగిలించి, బ్యాటరీ పెట్టెలోకి గాలి ఎక్కించి, మీటరు ముందు నిలబడ్డాడు. పది నిమిషాలు అందరం ఆ ముల్లు వైపే చూశాం. ముల్లు కదల్లేదు. నా జీవితంలో కదలని వస్తువును అంత ఇష్టంగా చూసింది లేదు.

ఆఫీసరు ట్యాబు మూశాడు. లోపల చెడిన వరుస వారంటీ కింద మారుస్తామనీ, అడ్డం రేకు మాత్రం మా ఖర్చు అనీ చెప్పాడు. రెండు వేల నాలుగొందలు. నేను జేబులోంచి అక్కడికక్కడే తీసి ఇచ్చాను. ఆ ఒక్క ఖర్చు న్యాయమైనదే.

విజయశ్రీ సంచి సర్దుకుని యాకయ్య దగ్గరికి వెళ్లింది.

"అన్నా, నీ పేరు రాసిన. తప్పు నాది. ఇంకో కాగితం రాసిచ్చి పోత."

మంచినీళ్లు అడిగినంత తేలిగ్గా అన్నది. అరవై ఏళ్లకు నేను చుట్టూ తిరిగి తిరిగి చేరిన చోటికి నా బిడ్డ నేరుగా నడిచిపోయింది. ఆ గుణం నాది కాదు. అది మొగిలమ్మది. అయినా ఆ క్షణం నేను షెడ్డు మధ్యలో ఛాతీ విరుచుకుని నిలబడ్డాను. నా బిడ్డ అని అందరికీ తెలియాలని నిలబడ్డాను.

ఆటోలో ఇంటికి బయలుదేరాం. మట్టెవాడ దాటాక ఆమె రోడ్డు వైపు చూస్తూనే అన్నది.

"అమ్మ మీద ఒట్టేసిన బాపు."

అంతే.

కారును జులై ముప్ఫై ఒకటి సాయంత్రం షెడ్డుకు వెళ్లి తెచ్చుకున్నాం. గోపాల్ దానికి దండ వేయించి, మమ్మల్ని పక్కన నిలబెట్టి ఫోటో తీసుకుంటానన్నాడు. ఫోన్‌లో ఐదు చుక్కల రేటింగు కూడా ఇవ్వమన్నాడు. దండ తీసి అతని చేతిలోనే పెట్టాను. ఫిబ్రవరిలో ఆ జబ్బును ఆ మనిషే సాఫ్ట్‌వేర్ అన్నాడు. నేను మరిచిపోను. యాకయ్య లోపలి నుంచి వచ్చి తాళం విజయశ్రీ చేతికి ఇచ్చాడు. దారిలో మట్టెవాడలో ఆపితే చాంద్ పాషా కారు చుట్టూ ఒకసారి తిరిగి, వంగి కింద చూసి, ఇక నా డ్రిల్లు నీకియ్య పో అన్నాడు. ఆనాడు అతని చాయ్ తాగాను.

ఆగస్టు ఒకటి పొద్దున నేను లేచేసరికి విజయశ్రీ మగ్గం గది గడప దగ్గర కూర్చుని ఉంది. చేతిలో మర విప్పేది. నాడా ఊడదీసి ఒళ్లో పెట్టుకుంది.

"బాపు, జర ఇటు రా," అన్నది. కారు ముందు తలుపు తెరిచి స్టీరింగు కింద అరలో కొక్కెం ఒకటి చూపించింది. "గీడ కట్టు. మరలు గిరలు వద్దు."

మగ్గం మీద నుంచి ఎర్ర నూలు తెంపుకొచ్చాను. నాలుగు పోగులు పేనాను. నాడాను కొక్కానికి చుట్టి నేతగాళ్ల ముడి వేశాను. తెగిన పోగును కలిపే ముడి, పడుగులో కంటికి కనబడదు.

"తప్పు నాదే బిడ్డా," అన్నాను. ముడి వైపే చూస్తూ అన్నాను.

ఆమె వంగి నాడాను పట్టుకుని ఒకసారి గట్టిగా లాగింది. మొగిలమ్మ నా ముడులు అలాగే లాగి చూసేది. ముడి ఊడలేదు.

"మేడంలకు టైమైతాంది," అని కారెక్కింది.